ఏడో నంబరు గడియారం

"సార్, తొంభై రోజుల్లో ఒక్కసారి. అదీ నాలుగు నిమిషాలు. ఆ ఒక్క ముక్కను గ్రాఫులోంచి తీసేస్తే తప్పా?" అని నసీమా అడిగింది.

ఆమె అడిగింది పైడిశెట్టి అప్పలనరసయ్య గారిని. దారి చూపే ఉపగ్రహాలకు గడియారాలు తయారుచేసే ప్రయోగశాల అది. నగరానికి పడమట రాళ్ళగుట్టల మధ్య ఉండేది. ఆయన అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశారు. ఉద్యోగ విరమణ తర్వాత కూడా వారానికి మూడు రోజులు వచ్చి కొత్తవాళ్ళకు పని నేర్పుతుండేవారు. అవును, కాదు అన్న జవాబులు ఆయన నోట విన్నవాళ్ళు తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే కుర్చీ దగ్గరగా లాక్కుని, ఎప్పుడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. చెప్పడం అయ్యాక అర్థమైందా అని అడిగేవారు కాదు. అడిగినవాళ్ళు కూడా ఇంకేమీ అనకుండా లేచి వెళ్ళిపోయేవారు. కొలతల విభాగంలో నా బల్ల ఆయన బల్ల పక్కనే కాబట్టి అలాంటివి చాలా విన్నాను. ఇది వాటిలో ఒకటి.

నసీమా నంద్యాల నుంచి వచ్చిన అమ్మాయి. మూడేళ్ళుగా ఒకే గడియారం మీద పనిచేస్తోంది. మర్నాడు ఉదయం ఎంపిక కమిటీ కూర్చుంటుంది. పోటీలో నాలుగు గడియారాలు మిగిలాయి, ఉపగ్రహంలో చోటు మూడింటికే. ఆమె గడియారం నాలుగింటిలోనూ మెరుగైనదని అందరికీ తెలుసు. తొంభై రోజుల పరీక్షలో అరవై రెండో రోజున మాత్రం, దాని సమయం చూపే గ్రాఫులో రేఖ ఒక్కసారి పైకి లేచి, నాలుగు నిమిషాలు అక్కడే ఉండి, మళ్ళీ తన చోటికి వచ్చింది. కొలిచే పరికరంలో లోపం కావచ్చునని ఆమె అంటోంది. కావచ్చు కూడా. ఆమె చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకదానిలో ఆ గెంతు ఉంది, రెండోదానిలో లేదు.

ఈ గడియారాల సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మన చేతిలో ఫోను మనం ఎక్కడున్నామో చెప్పగలుగుతోందంటే, ఆకాశంలో నాలుగైదు ఉపగ్రహాలు తమ తమ సమయాన్ని ఎడతెగకుండా పంపుతూ ఉండటమే కారణం. ఆ సమయం తనదాకా చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఫోను దూరాన్ని లెక్క కడుతుంది. ఉపగ్రహంలోని గడియారం సెకనులో వందకోట్లవ వంతు తేడా చూపితే నేల మీద లెక్క ఒక అడుగు తప్పుతుంది. అంత సన్నని పని చేసే గడియారంలో ముల్లు ఉండదు, చక్రం ఉండదు. చిటికెన వేలి కొనంత గాజు బుడ్డిలో ఆవగింజకన్నా చిన్న రుబీడియం లోహపు చుక్క ఉంటుంది. రేడియో తరంగాలు తగలగానే ఆ బుడ్డి వంకాయ పువ్వు రంగులో వెలుగుతుంది. ఆ వెలుగు నిలకడగా ఉంటే గడియారం నిలకడగా ఉంటుంది. పూర్తిగా సరైన గడియారం అన్నది ఎక్కడా లేదు. ప్రతి గడియారమూ రోజూ కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది. నేల మీద ఉన్నవాళ్ళు దాన్ని కొలిచి, రేపు ఎంత జరుగుతుందో అంచనా కట్టి, ఆ దిద్దుబాటును ఉపగ్రహానికి పంపుతారు. రెండు కొలతల మధ్యలో అది తనంతట తాను గెంతితే మాత్రం, మళ్ళీ కొలిచేదాకా ఎవరికీ తెలియదు.

అప్పలనరసయ్య గారు కళ్ళజోడు తీసి, రెండు కాగితాలనూ చూడకుండానే బల్ల మీద పెట్టారు. "నరసయ్య అని ఒకడుండేవాడమ్మా," అని మొదలుపెట్టారు. చెప్పబోయేది తన సంగతేనని నసీమాకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మాత్రం చివరిదాకా మరొకరి సంగతి చెబుతున్నట్టే చెప్పారు.

అప్పటికి నరసయ్యకు ముప్పై మూడేళ్ళు. బొబ్బిలి దగ్గర పల్లెలో నేతపని చేసే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఈ ప్రయోగశాలలో చేరాడు. అప్పట్లో దీనికి పెద్ద సుదర్శనాచార్యులు గారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొగడరు, కోప్పడరు. మొదటిసారి మనవాళ్ళు చేసిన గడియారాలను ఉపగ్రహంలో పంపాలని అనుకున్న రోజులవి. ఎనిమిది గడియారాలు తయారుచేసి, గాలి తీసేసిన పెద్ద ఇనుప గదిలో వరసగా పెట్టి అరవై రోజులు నడిపారు. రెండింటికి చోటు అప్పుడే ఖాయమైపోయింది. మూడో చోటు కోసం అయిదో నంబరూ ఏడో నంబరూ మిగిలాయి.

అయిదో నంబరు చూడటానికి అందంగా ఉండేది కాదు. రోజురోజుకూ ముందుకు జరిగిపోయేది. అయితే నిన్న ఎంత జరిగిందో ఇవాళా అంతే, రేపూ అంతే. దాని గ్రాఫు స్కేలు పెట్టి ఏటవాలుగా గీసిన గీతలా ఉండేది. ఏడో నంబరు నరసయ్యది. అది జరిగినట్టే కనిపించేది కాదు. దాని గీత నిండుకుండలో నీళ్ళలా సమంగా, నిశ్చలంగా ఉండేది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు దాని ముందే ఆగి చూసేవారు. ఆచార్యులు గారు ఏమీ అనకపోయినా, వచ్చినవాళ్ళను ముందుగా అక్కడికే తీసుకువెళ్ళేవారు. నరసయ్యకు అది చాలు. తాను చేసిన గడియారం ఆకాశానికి వెళ్తుందని ఇంటికి ఉత్తరం రాశాడు. వాళ్ళమ్మ ఆ ఉత్తరాన్ని వీధిలో చదువొచ్చిన వాళ్ళందరి చేతా చదివించుకుంది.

నలభై ఒకటో రోజు ఉదయం పదీ నలభైకి ఏడో నంబరు గీత మెట్టు ఎక్కినట్టు పైకి లేచింది. ఆరు నిమిషాలు అక్కడే ఉంది. తర్వాత ఏమీ ఎరగనట్టు కిందికి దిగింది. పరీక్షల హాల్లో నరసయ్య ఒక్కడే ఉన్నాడు. ఆ ఆరు నిమిషాలూ గీత మీంచి చూపు తిప్పలేదు. పదకొండూ అయిదుకు కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. నరసయ్య రోజూ జరిగింది రాసే లాగ్‌బుక్కు తెరిచి, "కరెంటు అంతరాయం. ఏడో నంబరు రేఖలో చిన్న గెంతు," అని రాసి సంతకం పెట్టాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కరెంటు పోయిన మాట నిజం, గెంతు వచ్చిన మాట నిజం. రెంటికీ మధ్య ఉన్న ఇరవై అయిదు నిమిషాలు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. సాయంత్రం ఆచార్యులు గారు ఆ పేజీ చదివి, తలాడించి, సంతకం చేశారు.

ఆ గడియారాలకు గాజు బుడ్డీలు ఊదేది గవరయ్య. విశాఖపట్నంలో గాజు సామాను చేసే కార్ఖానాలో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చినవాడు. చదువు అయిదో తరగతి. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. చేతుల నిండా కాలిన మచ్చలు. మంట మీద గాజు గొట్టాన్ని తిప్పుతూ, ఎంత మెత్తబడిందో చూడకుండానే చేతితోనే తెలుసుకునేవాడు. ఎవరైనా కొలత చెబితే విని, బుడ్డి చేసి, కిటికీ వెలుగులో ఓసారి తిప్పి చూసి పెట్టెలో పెట్టేవాడు. అతను చేసిన బుడ్డి వెనక్కి వచ్చిన రోజు లేదు.

నాలుగైదు రోజుల తర్వాత అతను పరీక్షల హాలుకు వచ్చాడు. మామూలుగా అటు వచ్చేవాడు కాదు. గడియారాల వైపు కాసేపు చూసి, "నరసయ్య బాబూ, ఏడోది గెంతిందట గదా, కరెంటు పోయి," అన్నాడు.

"అవును. అంతరాయం వల్ల."

"కరెంటు పోతే అన్నింటికీ పోవాల గదా బాబూ. పక్కనున్న అయిదోది ఎందుకు గెంతనేదు?"

చదువుకున్న వాళ్ళెవరూ అడగని ప్రశ్న ఇతను అడిగాడని నరసయ్యకు కోపం వచ్చింది. "గవరయ్యా, నీ పని గాజు. గడియారాల సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు. గవరయ్య తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆ పూటంతా నరసయ్యకు ఏ పనీ సాగలేదు. లాగ్‌బుక్కు రెండుసార్లు తెరిచాడు, రెండుసార్లు మూశాడు. ఇంకా పదిహేను రోజులున్నాయి, మళ్ళీ గెంతితే అప్పుడు రాద్దాం అనుకున్నాడు. మళ్ళీ గెంతలేదు. రోజులు గడిచినకొద్దీ ఆ ఆరు నిమిషాలు నిజంగానే కరెంటు వల్ల వచ్చాయేమోనని తనకే అనిపించసాగింది.

అరవయ్యో రోజు అయ్యాక కమిటీ కూర్చుంది. అయిదుగురు పెద్దలు. వారిలో ఇద్దరు బయటి సంస్థల నుంచి వచ్చినవారు. మేడ మీది గదిలో రెండు గ్రాఫులూ గోడకు అంటించారు. ఏడో నంబరు చేసినవాడిగా నరసయ్య కూడా ఒక మూల కూర్చున్నాడు. మాట అంతా ఏడో నంబరు వైపే నడుస్తోంది. ఆ ఒక్క గెంతు సంగతి ఒకాయన ఎత్తితే, ఇంకొకాయన లాగ్‌బుక్కు తిప్పి, "కరెంటు అంతరాయం అని ఉంది కదండీ," అన్నారు. అంతటితో ఆ సంగతి అయిపోయింది. ఆచార్యులు గారు ఎంపిక కాగితం ముందుకు లాక్కున్నారు. అప్పుడు తలుపు దగ్గర గవరయ్య కనిపించాడు. పని బట్టల్లోనే ఉన్నాడు. చేతిలో దూది పరిచిన చిన్న చెక్కపెట్టె ఉంది.

"రా గవరయ్యా. ఏమిటి?" అన్నారు ఆచార్యులు గారు.

గవరయ్య లోపలికి వచ్చాడు కాని కూర్చోలేదు. పెట్టె బల్ల మీద పెట్టాడు. "అయ్యా, ఈ తడవ పన్నెండు బుడ్డీలు సేసినాను. పదకొండోదానికి సుక్క ఏసిన సన్న గొట్టం, అదే తోక, మూస్తుంటే ఎవరో ఫ్యాను ఏసినారు. మంట కదిలిపోనాది. మళ్ళీ కాల్చి మూసినాను. తోక కాడ గాజు మందంగా ఉండిపోయింది. కంటికి బాగానే ఉంది. నా సేతికి బాగునేదు. అయినా పెట్టెలో పెట్టేసినాను. ఆ పదకొండోదే ఏడో గడియారానికి ఎక్కింది. మందంగా ఉన్న కాడికి లోపలి సుక్క ఎల్లి కూకుని మళ్ళీ జారితే ఎలుగు మారతాది. నరసయ్య బాబుకి ఈ సంగతి తెల్దు. తప్పు నాది," అన్నాడు.

బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకరు ఆచార్యులు గారి వైపు తిరిగి, "ఇలాంటివాణ్ణా మీరు ఆకాశానికి పోయే పనిలో పెట్టుకున్నారు? రెండు నెలల తర్వాత వచ్చి చెబుతున్నాడు," అన్నారు. ఆ మాట అర్థమై గవరయ్య ముఖం వాడిపోయింది. అతను ఆ ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడే వచ్చాడని నరసయ్యకు అప్పుడు తెలిసింది. చేయని తప్పును కూడా కలిపి మోస్తున్నాడని కూడా తెలిసింది. లేచి నిలబడ్డాడు.

"సార్, కరెంటు పోయింది పదకొండూ అయిదుకు. గెంతు వచ్చింది పదీ నలభైకి. కరెంటు వల్ల కాదని నాకు ఆ రోజే తెలుసు. రాసింది నేను."

ఆచార్యులు గారు అతని వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉందేమోనని నరసయ్య వెతికాడు. లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ఆయన లాగ్‌బుక్కు తెరిచి, ఆ పేజీ తీసి, తన కలం మూత విప్పి నరసయ్య ముందుకు జరిపారు. "రెండింటి వేళలూ వెయ్యి," అన్నారు.

అయిదుగురు చూస్తుండగా నరసయ్య ఆ పాత వాక్యం పక్కన పదీ నలభై, పదకొండూ అయిదు అని రాశాడు. ఆచార్యులు గారు సిరా ఆరేదాకా ఆగి పుస్తకం మూశారు. "మూడో చోటు అయిదో నంబరుకు," అని కమిటీతో అన్నారు. తర్వాత గవరయ్య వైపు తిరిగి, "గవరయ్యా, సోమవారం నుంచి నీ బల్ల నరసయ్య బల్ల పక్కన వేయిస్తాను. మీరిద్దరూ కలిసి కూచోండి," అన్నారు. ఉద్యోగం సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మెట్లు దిగుతుంటే నరసయ్యకు గవరయ్య ముఖం చూడటం కష్టమైంది. సగం దిగాక ఆగి, "ఆ రోజు నిన్ను అలా అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"ఏటి, నీ పని గాజు అన్నదా?" గవరయ్య పెట్టెను చంక మార్చుకున్నాడు. "నిజమే గదా బాబూ అనుకున్నాను. ఎల్లి నా గాజు ఒకటొకటీ తలుసుకున్నాను. అప్పుడే ఆ ఫ్యాను గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా పది రోజులు మింగుకునే ఉన్నాను. పిల్ల పెళ్ళీడుకొచ్చింది, ఈ పని పోతే ఎలాగని." ఇద్దరూ కలిసి క్యాంటీనుకు వెళ్ళి భోజనం చేశారు.

సోమవారం నుంచి గవరయ్య బల్ల అక్కడికి వచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నర వాళ్ళిద్దరూ చేసింది ఒకే పని. రుబీడియం చుక్క ఎక్కడపడితే అక్కడ కూర్చోకుండా దానికి ముందే ఒక చోటు ఏర్పరచడం. బుడ్డిలో ఒక మూల మిగతా గాజు కన్నా కాస్త చల్లగా ఉండేలా చేస్తే, చుక్క అక్కడికే చేరి కదలకుండా ఉంటుందని నరసయ్య లెక్క వేశాడు. అలాంటి మూలను గాజులో ఎలా తీయాలో గవరయ్య చేతులు కనిపెట్టాయి. నలభై బుడ్డీలు పగిలాయి. నలభై ఒకటోది నిలిచింది. ఇప్పుడు ఇక్కడ చేసే ప్రతి గడియారంలోనూ ఉండేది ఆ ఆకారమే. అయిదో నంబరు ఉపగ్రహంతో పాటు ఆకాశానికి వెళ్ళింది. రోజూ ఎంత జరగాలో అంతే జరిగింది. నేల మీదివాళ్ళు రోజూ అంత తీసేసి దిద్దుకున్నారు.

అక్కడికి వచ్చి అప్పలనరసయ్య గారు ఆగారు. కళ్ళజోడు పెట్టుకుని తన పనిలో పడ్డారు. నసీమా తన రెండు కాగితాలూ తీసుకుని లేచింది. వెళ్ళేటప్పుడు ఆమె ముఖంలో ఏముందో నేను చూడలేదు.

మర్నాడు కమిటీ ముందు ఆమె తొంభై రోజుల గ్రాఫు మొత్తం పెట్టింది. అరవై రెండో రోజు వచ్చేసరికి ఎవరూ అడగకముందే తానే వేలు పెట్టి చూపించింది. దీనికి కారణం నాకు తెలియదు, కొలిచే పరికరం వల్లనేమో అనుకుంటున్నాను, కాని రుజువు లేదు అని చెప్పిందట. కమిటీ ఆమె గడియారాన్ని ఈసారికి పక్కన పెట్టింది. మిగిలిన మూడూ వెళ్ళాయి. వాటిలో ఒకటి ఆమె గడియారంలో సగం మంచిది కూడా కాదు. ఆమె హాలుకు తిరిగి వచ్చి, తన గడియారం మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, అంచులు సర్ది, ఆ సాయంత్రం మామూలు వేళకే ఇంటికి వెళ్ళింది. మరుసటి రోజు నుంచి కొలిచే పరికరాన్ని విప్పి ఒక్కొక్క తీగనూ పరీక్షించడం మొదలుపెట్టింది. రెండు వారాలు చూసినా అందులో లోపం దొరకలేదు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. పని చేసుకునేది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళీ అప్పలనరసయ్య గారి బల్ల దగ్గరికి వచ్చింది. నిలబడే అడిగింది.

"సార్, ఆ ఏడో నంబరు తర్వాత ఏమైంది? మీరు చెప్పలేదు."

"కింద నేలమాళిగలో పెట్టి నడిపాం. తొమ్మిదేళ్ళు నడిచింది."

"మళ్ళీ ఎన్నాళ్ళకు గెంతింది?"

"గెంతలేదు."

"తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా లేదు."

"అయితే దాన్ని పంపినా ఏమీ అయ్యేది కాదు కదా సార్." ఆమె గొంతు కొంచెం హెచ్చింది. "పైగా అయిదో నంబరు కన్నా అదే బాగా నడిచేది."

"నడిచేదేమో," అన్నారాయన. తర్వాత చేతిలోని కాగితం బల్ల మీద పెట్టి ఆమె వైపు చూశారు. "ఆ తొమ్మిదేళ్ళూ పొద్దున్నే వచ్చి, భుజం మీది సంచీ కూడా దించకుండా, రాత్రి గెంతిందేమోనని ముందు దాని గ్రాఫు చూసుకునేవాణ్ణి. అయిదో నంబరు పన్నెండేళ్ళు పైన తిరిగింది. దాని గురించి ఒక్క రోజైనా ఆలోచించినట్టు గుర్తులేదమ్మా."